ఉత్తరధ్రువానికి అంట్లనీళ్లు

ఎవరైనా ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే నాకు ఉత్తరధ్రువం గుర్తొస్తుంది. నవ్వకండి, దీని వెనక పెద్ద కథే ఉంది. మొన్న గొంతు నొప్పిగా ఉందంటే డాక్టరు పొద్దున్నే గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాడు. పెరట్లో నిలబడి, తల పైకెత్తి గరగరలాడిస్తున్నాను. ఆ చప్పుడు నా చెవిన నాకే పడి నవ్వాగలేదు. నీళ్లన్నీ చొక్కా మీద పడ్డాయి. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏం, సిగ్నలప్ప వచ్చినాడా?" అని అరిచింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా మా ఇంట్లో ఆయన రాకపోకలు ఆగలేదు.

సిగ్నలప్ప అన్నది ఊరు పెట్టిన పేరు. అసలు పేరు వాళ్ల చర్చి పుస్తకంలో ఉంది, అక్కడే ఉండనిద్దాం. గండికోట కొండకు ఇవతల, పెన్నకు కూతవేటు దూరంలో ఉన్న మా అత్తగారి ఊరు ఆయనది. యుద్ధం రోజుల్లో పట్టాళంలో వైర్‌లెస్ మీద పనిచేసి, రెండు ఖాకీ నిక్కర్లు, ఒక ఉన్ని టోపీ, వినే పిచ్చి, ఈ మూడూ వెంట తెచ్చుకున్నాడు. కడప జిల్లా ఎండల్లో ఉన్ని టోపీ పెట్టుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ఎందుకప్పా అంటే, "చెవులకు దుమ్ము పడగూడదు సార్, అవే నా పనిముట్లు" అనేవాడు.

ఆయన వేళ్లు ఊరుకునేవి కావు. కాఫీ గ్లాసు మీదో, అరుగు మీదో, పక్కనున్న వాడి వీపు మీదో తంతి భాషలో టక్కు టకటక్కు అని కొడుతూనే ఉండేవాడు. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం సాగీ సాగీ ఎంతకూ తెమలడం లేదట. ఈయన కూర్చున్న బల్ల మీద అదేపనిగా కొడుతున్నాడు. తర్వాత పాస్టరుగారు పిలిచి, ఏమిటా చప్పుడని అడిగితే, "సందేశం అందింది, ఇంక చాలు అని కొడతాంటి అయ్యగారూ" అన్నాడట. పాస్టరుగారు మంచివాడు కాబట్టి మరుసటి ఆదివారం ప్రసంగం కొంచెం తగ్గించాడు.

ఎవరు ఎదురైనా "బాగున్నారా" అనేవాడు కాదు, "గాలి ఎట్లుండాది?" అనేవాడు. ఆ గాలి మనం పీల్చే గాలి కాదు. ఎక్కడో అరవై డెబ్భై మైళ్ల పైన మొదలై ఇంకా పైకి, ఎండ తగిలి విద్యుత్తు పట్టుకునే గాలి. రేడియో మాటలు దూరదేశాల నుంచి దాన్ని తాకి, కిందికి వంగి మనదాకా వస్తాయి. ఆ వచ్చే మాటలు ఆయనకు చుట్టాలు. "ఈ పొద్దు కొలంబో వచ్చినాడు. మద్రాసోడు రాలే, యాడ నిలబడిపాయనో" అని చెప్పేవాడు. చెప్పి, భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వేవాడు.

ఇంటి ముందు రెండు వెదురు గడల మధ్య ఏరియల్ అనే రాగి తీగ, లోపల స్టూలు మీద బ్యాటరీ రేడియో, పెరట్లో ఎర్తు గుంత. అదీ ఆయన ఆస్తి. ఆ గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి ఒక ఇనుప కడ్డీ పాతాడు. దాని నుంచి తీగ రేడియోకు వస్తుంది. గుంత తడిగా ఉన్నంతకాలం రేడియో బాగా పలుకుతుంది. ఆరిపోతే గొంతులు నీరసపడతాయి, గరగర మొదలవుతుంది. అందుకని పొద్దు పొడవకముందే లేచి, కడవెడు నీళ్లు గుంతలో పోసి, "డ్యూటీ అయిపాయ" అని చేతులు దులుపుకుని రేడియో ముందు కూర్చునేవాడు.

యాభై ఏడులో నైరుతి ఎగ్గొట్టింది, ఈశాన్యం కూడా ముఖం చాటేసింది. పెద్దవీధి బావి అడుగంటింది. ఊళ్లో నీళ్లున్నది ఒక్క చర్చివీధి బావిలోనే, అది సిగ్నలప్ప పెరటికి ఆనుకునే ఉంది. మామూలు రోజుల్లో ఆ వీధి వైపు తల తిప్పని పెద్దవీధి ఆడవాళ్లంతా కడవలెత్తుకుని చీకటితోనే అక్కడికి రావాల్సొచ్చింది. అలా వచ్చినవాళ్లలో మొదటిది మా అత్తగారు ఓబుళమ్మ.

మా అత్తగారి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదు. ఆమె నాకు చెప్పాల్సిందంతా గేదెకు చెప్పేది. "ఏమే, అన్నం చల్లారిపోతాంది, రమ్మంటే రారేందే" అని గేదెను కోప్పడితే నేను లేచి చేతులు కడుక్కునేవాణ్ణి. గేదె పాపం నా మూలంగా ఎన్ని మాటలు పడిందో లెక్కలేదు.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. కడపలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఆర్నెల్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కనబడిన ప్రతివాడికీ సైన్సు చెప్పి వదిలేవాణ్ణి. క్రిస్మస్ సెలవులకు అత్తగారింటికి వచ్చాను. మర్నాడు తెల్లవారుతుండగా బావి దగ్గర పెద్ద గొంతులు వినిపిస్తే వెళ్లి చూశాను.

సిగ్నలప్ప ఖాళీ కడవతో గుంత పక్కన నిలబడి ఉన్నాడు. ఎదురుగా మా అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని దులిపేస్తోంది.

"తాగే నీళ్లు మంటిపాలు చేస్తాండావే, నీకు బుద్ధుండాదా అప్పా? గుక్కెడు నీళ్లకు మేం మైలు దూరం పడి వస్తాంటిమి!"

"మంటికి కాదమ్మా, రేడియోకు పోస్తాండా."

"రేడియోకు దప్పికా?"

"శానా దప్పికమ్మా దానికి."

ఆడవాళ్లు ఫక్కుమన్నారు. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. బావి ఆయన వీధిది కాబట్టి పోయొద్దనే హక్కు ఆమెకు లేదు. అది ఆమెకూ తెలుసు, అందుకే కోపం ఇంకా ఎక్కువగా ఉంది. విసురుగా కడవ ఎత్తుకుని, "చదువుకున్నోళ్లు ఉండారు గదా, వాళ్లయినా చెప్పగూడదా" అని పక్కనున్న రాతితో అని వెళ్లిపోయింది. ఆ రాయి నేనే.

సిగ్నలప్ప నన్ను చూసి వెలిగిపోయాడు. "మీరేనా ఓబుళమ్మగారి అల్లుడు? ఫిజిక్స్ సారు మీరేనా? రాండి సార్, సరిగ్గా మంచి గాలప్పుడు వచ్చినారు" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

రేడియోలో ఎవరో దొర ఇంగ్లీషులో వార్తలు చదువుతున్నాడు. చదువుతున్నాడు అనడం కంటే పుక్కిలిస్తున్నాడు అనాలి. నోటినిండా నీళ్లు పెట్టుకుని మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. కాసేపు గొంతు లేస్తుంది, అంచుల్లో గరగరలాడుతుంది, సన్నగిలుతుంది, మళ్లీ పది నిమిషాలకు లేస్తుంది.

"అమెరికా పడమటి ఒడ్డోడు సార్. ఉత్తరధ్రువం మీదుగా వస్తాండాడు. ఆడికి పొయ్యేసరికి ఇట్లయితాది గొంతు."

ఒక నోటుపుస్తకం తీశాడు. గీతలు కొట్టి, గడియారం పెట్టుకుని రాసిన రాతలు. "పొ. 5-50. వచ్చినాడు. గొంతు నీళ్లలో ఉండాది. 6-02. మంద పాయ. 6-11. ఇంకో మంద." రోజుకొక పేజీ, ఒక్క రోజు కూడా తప్పలేదు.

"మందలేంటి?" అన్నాను.

"చెప్తా సార్. ఇప్పుడు ధ్రువం కాడ చీకటి గదా, నెలల తరబడి ఎండే ఉండదు. ఎండ లేకుంటే పైగాలికి కరెంటు ఎక్కదు. కరెంటు ఎక్కకుంటే ఈయన మాట వంగి మనకాడికి రాగూడదు. మరి వస్తాండాడే! అదీ ఒకే తీరుగా కాదు, తుంటలు తుంటలుగా వస్తాండాడు. అంటే ఏమిటికి? ఎండ ఉండే పక్క నుంచి కరెంటు మబ్బులు తునకలు తునకలుగా తెగి, చీకట్లోకి వలస పోతాండాయి. గొర్రెల మందల మాదిరి. మంద నెత్తి మీదికొస్తే గొంతు లేస్తాది. మంద అంచు దాటేటప్పుడు గరగర. మంద పోతే మాట పోతాది." ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాడు: "వాన కురవని మబ్బుల సంగతి మన సీమోళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాది సార్?"

ఆ ఏడు సూర్యుడి మీద మచ్చలు బాగా ఎక్కువ. లోకంలోని శాస్త్రజ్ఞులంతా కలిసి నేలనూ ఆకాశాన్నీ కొలుస్తున్న కాలం అది. దూరదేశాల రేడియో వినేవాళ్లు తమ రాతలు పంపవచ్చని ఢిల్లీలో ఒక ఆఫీసు పేపర్లో వేయించింది. మార్చి నెలాఖరులోగా చేరాలి. ఒక్కటే నియమం, రాతలు నమ్మదగినవని సైన్సు చదువుకున్నవాడు ఎవరైనా చూసి సంతకం పెట్టాలి. ఆ చుట్టుపక్కల ఇరవై మైళ్లలో అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. పుస్తకం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చాడు. ఆ పుస్తకం వెళ్లడమే ఆయనకు అన్నిటికంటే పెద్ద సంగతని ఆ పెన్ను పట్టుకున్న తీరులోనే తెలిసింది.

నేను కిటికీలోంచి గుంతను చూశాను. ఇందాక పోసిన కడవెడు నీళ్లు అప్పుడే ఇంకిపోయాయి. చుట్టూ నేల బీటలు తీసి ఉంది.

కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. "ఇది ధ్రువం కాదు సిగ్నలప్పా. నీ ఎర్తు ఎండిపోయింది. ఎర్తు ఎండితే ఏ రేడియో అయినా గరగరలాడుతుంది. దీనికి నేను సంతకం పెడితే నన్ను చూసి నవ్వుతారు."

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పెన్నుకు మూత పెట్టి, కాసేపు స్టూలు మీద వేళ్లతో ఏదో కొట్టి, అన్నాడు: "సరే సార్. నేల తడిగా ఉండి కూడా ఆయన గొంతు ఇట్లనే ఉంటే పెడతారా?"

"పెడతాను."

"మాటే గదా?"

"మాటే."

ఊళ్లో తాగడానికే నీళ్లు లేని రోజుల్లో, నేల తడిపి చూపించమని ఒక పెద్దమనిషితో పందెం కట్టి నేను దర్జాగా కడప బస్సెక్కాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం పరీక్షల్లో దొంగను పట్టుకున్నంత గర్వంగా ఉంది.

తర్వాత జరిగింది, పుట్టింట్లోనే ఆగిపోయిన మా ఆవిడ నాకు ఉత్తరంలో రాసింది. సిగ్నలప్ప ఆ మర్నాటి నుంచి గుంత కోసమని బావిలో వేరే కడవ తోడడం మానేశాడు. ఎవరూ మానమని బతిమాలలేదు. తను స్నానం మానేసి, ఆ నీళ్లే గుంతలో పోస్తున్నాడు. నాలుగు రోజులయ్యాక మా అత్తగారికి అనుమానం వచ్చి, ముక్కు మూసుకుని, సంగతేమిటని అడిగింది. ఆయన చెప్పాడు. మా అత్తగారు విన్నది, వింటూనే ముఖం మాడ్చుకుంది. "మా అల్లుడు పెట్టిన మెలికనా ఇది?" అంది. ఊరి మనిషిని పరాయి ఊరివాడు, అందునా తన అల్లుడు, నీళ్ల దగ్గర ఓడించడమా? అది ఆమెకు నచ్చలేదు.

ఆ సాయంత్రం మా అత్తగారు అంట్లు తోమిన నీళ్లు పారబొయ్యకుండా ఒక బొక్కెనలో పట్టింది. మామూలుగా బియ్యం కడిగిన నీళ్లూ గంజీ కుడితిలోకి పోతాయి, అవి గేదె సొత్తు. బూడిదతో అంట్లు తోమిన నీళ్లు మాత్రం ఎవరికీ పనికిరావు. మర్నాడు తెల్లవారుజామున బావికి పోతూ ఆ బొక్కెన తీసుకెళ్లి గుంతలో బోర్లించింది. "ఇదో అప్పా, నీ రేడియోకు. ఎంగిలని అనుకోదు గదా అది?"

ఆ తర్వాత ఇంకో తొమ్మిది ఇళ్లవాళ్లు పట్టుకున్నారు. ఖాళీ కడవతో పాటు అంట్లనీళ్ల బొక్కెన కూడా పెద్దవీధి నుంచి చర్చివీధికి నడిచింది. బూడిదలో ఉప్పులుంటాయి, ఆ నీళ్లు మంచినీళ్ల కంటే విద్యుత్తును బాగా పట్టుకుంటాయి. ఫిజిక్స్ చదివిన నాకు ఆ మాట అప్పుడే తట్టి ఉండాల్సింది. గుంత నల్లగా, ముద్దగా, ఎప్పుడూ తడిగా తయారైంది. ఎవరో కడ్డీకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. చర్చికి పోయే మనిషి పెరట్లో పసుపు కుంకుమలేమిటని పాస్టరుగారు అడిగితే, "ఎర్తు వాళ్లది అయ్యగారూ, ఏరియల్ మాత్రమే నాది" అన్నాడట.

శివరాత్రికి నేను మళ్లీ వచ్చాను. తెల్లవారుతూనే వెళ్లేసరికి బావి దగ్గరున్న ఆడవాళ్లంతా ఆయన పెరట్లోనే ఉన్నారు. పందెం సంగతి ఊరంతా తెలుసు. నేను వంగి గుంతలో వేలు పెట్టి చూశాను. చెయ్యి మణికట్టు దాకా దిగింది.

సిగ్నలప్ప రేడియో తిప్పాడు. మద్రాసు గంట కొట్టినట్టు పలికింది. కొలంబోలో పాట వస్తోంది, తబలా మీద వేలు పడ్డ చప్పుడు కూడా వినిపించింది. ఇంకొంచెం తిప్పాడు. అమెరికా దొర వచ్చాడు. నోటినిండా నీళ్లతోనే వచ్చాడు.

ఆడవాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను మాత్రం ఓడిపోయానని ఒప్పుకోలేక నీళ్లు నమిలాను. "సెట్టులోనే ఏదో లోపం..." అని సాగదీశాను.

అప్పుడు మా అత్తగారు, పెళ్లయిన నాటినుంచి నాతో ఒక్క మాటైనా ఎదురుగా అనని మనిషి, గేదె కోసం అటూ ఇటూ చూసింది. గేదె లేదు. రాయి కూడా చేతికందలేదు. ఇంక ఆగలేక సూటిగా నా ముఖంలోకి చూసి అంది:

"నాయనా, ఒకే పంక్తిలో ముగ్గురికి వడ్డిస్తిమి. ఇద్దరు బాగుండారు, ఒకనికే పొలమారె. అప్పుడు తప్పు అన్నానిదంటావా, అరిటాకుదంటావా? వాడు వచ్చిన దోవలో ఏమో అయినట్టే గదా!"

 ఆమె నాలుక కరుచుకుని కొంగు లాక్కుంది. నేను మాత్రం జీవితంలో ఎవరి దగ్గరా విననంత మంచి ఫిజిక్స్ పాఠం విన్నాను.

"దోవ అయితే జపాను మీదుగా గదా, ధ్రువం ఎందుకొస్తుంది?" అని చివరి ప్రయత్నం చేశాను. మా కాలేజీ గోడ మీద పటం అలాగే చూపిస్తుంది. సిగ్నలప్ప ఆ మాట కోసమే కాచుకున్నట్టు లోపలికెళ్లి ఒక గుమ్మడికాయ తెచ్చాడు. తొడిమె ఉత్తరధ్రువం. ఒక పక్క బొగ్గుతో చుక్క, మన ఊరు. ఇంకో పక్క చుక్క, దొరగారి ఊరు. రెండిటి మధ్య దారం బిగించి లాగాడు. దారం జారీ జారీ, తొడిమె పక్కనుంచే పోయి నిలబడింది. "గోడ మీది పటం చపాతీ సార్. భూమి గుమ్మడికాయ" అన్నాడు మెల్లగా, నన్ను నొప్పించకుండా.

పెన్ను ఇమ్మన్నాను.

సంతకానికి ముందు, పుస్తకంతో పాటు ఢిల్లీకి పంపడానికి ఆయన నింపిన ఫారం ఒకసారి చూసుకున్నాను. "కేంద్రంలో పనిచేసే సిబ్బంది" అన్నచోట "పదకొండు మంది" అని ఉంది. "వినుట: ఒకరు. భూమి సంరక్షణ: పదిమంది." నేను నవ్వి, ఇది కొట్టేద్దామన్నాను. ఆయన మొదటిసారి నా మాటకు అడ్డం తిరిగాడు. "అబద్ధం రాయలే సార్. నేను వింటాండా, వాళ్లు తడుపుతాండారు. ఒకరు లేకున్నా ఇంకొకరికి పనిలే. కొట్టేసేదైతే సంతకమే వద్దు." కొట్టెయ్యలేదు. ముఖ్యమైన మాటల పక్కన ఇంగ్లీషు రాసి, కింద నా పేరు పెట్టి, ఆ రోజే తపాలాలో వేశాం.

ఎండాకాలం మధ్యలో జవాబు వచ్చింది. పెద్ద కవరు, ముద్రలు. ఇంగ్లీషు ఉత్తరం కాబట్టి ఆయన విప్పకుండా నా కోసం దాచాడు. నేను వెళ్లేసరికి బావి దగ్గరికే తీసుకెళ్లాడు, అక్కడే చదవాలన్నాడు. చదివి తెలుగులో చెప్పాను. ధ్రువం మీదుగా వచ్చే మాటల గురించి ఇంత ఓపికగా, క్రమం తప్పకుండా రాసినవి తమకు అరుదుగా అందాయనీ, వీటిని మిగతా లెక్కలతో కలిపి చూస్తున్నామనీ, వీలైతే మరో ఏడాది సాగించమనీ రాశారు. చివర్లో ఒక వాక్యం ఉంది. "మీ కేంద్రం సిబ్బంది పదకొండు మందికీ, ముఖ్యంగా భూమి సంరక్షణ విభాగం వారికి మా కృతజ్ఞతలు."

 బావిలోకి దిగుతున్న చేద అక్కడే ఆగిపోయింది. మా అత్తగారు కడవ కింద పెట్టి, కొంగు సర్దుకుని, "ఆ కడాకరి ముక్క ఇంకోసారి సదువు" అంది. గేదె లేకుండానే అంది. నేను మళ్లీ చదివాను. ఆ రోజు మూడుసార్లు చదివించారు. సిగ్నలప్ప గోడకు ఆనుకుని, టోపీ కళ్ల మీదికి లాక్కుని, భుజాలు కదిలిస్తూ నవ్వుతూ, గోడ మీద వేళ్లతో ఏదో కొడుతూనే ఉన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో ధ్రువాకాశం బొమ్మ చూశాను. పగటి వైపు నుంచి నాలుకలాగా సాగిన విద్యుత్తు మేఘం, దాని కొసన తునకలు తెగి ఒకదాని వెనక ఒకటి చీకటి వైపుకు పోతున్నాయి. అచ్చం గొర్రెల మందే. ఆ బొమ్మ ముందు నేను తరగతి గది అన్నది మరిచిపోయి గట్టిగా నవ్వాను, పిల్లలు బిత్తరపోయారు.

సిగ్నలప్ప పోయిన రోజు మా ఆవిడా నేనూ ఊరికి వెళ్లాం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, పెద్దవీధి బావి నిండుగా ఉంది. చర్చివీధికి పోవాల్సిన పని ఎవరికీ లేదు. అయినా పెద్దవీధి అంతా అక్కడే ఉంది. రేడియో మూగపోయి చాలా కాలమైంది, గడల మీద తీగ కూడా లేదు. మట్టి వేసి అందరం తిరిగొస్తుంటే, చూపు సరిగా ఆనని మా అత్తగారు మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆయన పెరట్లోకి దారి తీసింది. రెండో చేతిలో, దోవలో ఇంటి దగ్గర ఆగి తీసుకున్న బొక్కెన ఉంది. తడుముకుంటూ కడ్డీని పట్టుకుని, అంట్లనీళ్లు గుంతలో నిదానంగా పోసింది.

"వాన పడి నేల తడిగానే ఉండాది గదా అత్తా" అన్నాను.

ఆమె బొక్కెన బోర్లించి, చేతులు దులుపుకుని, నావైపు తిరిగింది.

"అయితే ఏమి నాయనా? డ్యూటీ డ్యూటీనే."